ఒక బీడీ సేపు

మా వదినె దినాల నాడు, పిట్టకు పెట్టే విస్తరిలో బీడీ ఉండాలా వద్దా అని అమ్రోలిలో మా బిల్డింగు మిద్దె మీద పెద్ద పంచాయితీ జరిగింది.

పోయినవాళ్ళకు బతికున్నప్పుడు ఏవి ఇష్టమో అవన్నీ విస్తరిలో పెట్టాలి. కాకి వచ్చి ముట్టాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరాదు. సూరత్ వచ్చి ఇన్నేళ్ళయినా మా నేతవాళ్ళ ఇళ్ళలో ఈ ఆచారం మారలేదు. విస్తరిలో మటన్ పెట్టారు, బగారన్నం పెట్టారు, పళ్ళన్నీ ఊడినాక కూడా ఆమె చప్పరించి తిన్న సకినాలు పెట్టారు. బీడీ దగ్గర ఆగింది.

"బీడీ లేకుంట మా అమ్మకు పెట్టుడేంది? కాకి వస్తదా?" అన్నాడు ఆమె కొడుకు.

"అవ్వ బీడీ బంద్ చేసింది గద మామా," అంది ఆమె మనుమడి భార్య.

"బతికినప్పుడు బంద్ చేసింది. సచ్చినంక గుడ ఎందుకే బంద్?"

పంచాయితీ ఎట్లా తెగిందో తర్వాత చెబుతాను. ముందు ఆమె బీడీ సంగతి తెలియాలి.

వదినె అంటే నా సొంత అన్న భార్య కాదు, వరుసకు. అక్కడ మాది పక్కపక్క ఊళ్ళు, ఇక్కడ పక్కపక్క గదులు. వదినె మరదళ్ళం కాబట్టి ఒకరినొకరు ఎంత మాటైనా అనే హక్కు మాకు ఉండేది. ఆ హక్కును ఇద్దరం ఒక్కపూట కూడా ఊరికే ఉంచలేదు.

సన్నగా పొడుగ్గా ఉండేది. రొండిన బీడీ కట్ట, చెవి మీద ఒక బీడీ. అగ్గిపెట్టె మాత్రం ఏనాడూ కొనలేదు. "అగ్గి ఎవలైన ఇస్తరు" అనేది. దారిన పోయేవాళ్ళను ఆపి అగ్గి అడిగేది. అగ్గి ఇచ్చినవాడి ఊరేది, జీతమెంత, పిల్లలెందరు, అత్తగారు మంచిదేనా, అన్నీ కనుక్కుని గానీ వదిలేది కాదు. ఆమెకు వచ్చిన హిందీ అంతా అట్లా అగ్గి అడగడంలో వచ్చిందే.

ఊళ్ళో ఉన్నప్పుడు ఆమె బీడీలు చుట్టేది. అందుకని ఇక్కడి బీడీ ఆమెకు నచ్చేది కాదు. చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో నలిపి, చప్పుడు విని, "ఆకు సక్కగ ఎండలే. సుట్టినోని సేతులిరగ" అని తిట్టి, అదే బీడీ ముట్టించేది.

గడియారం చూడడం ఆమెకు రాదు, నేర్చుకోనూ లేదు. ఆమె కాలానికీ దూరానికీ బీడీయే కొలత. బియ్యం రెండు బీడీల సేపు నానాలి. పప్పు మూడు బీడీల సేపు ఉడకాలి. వరాఛా రెండు బీడీల దూరం. డుమస్ సముద్రం ఒడ్డు ఆరు బీడీలు, ఆదివారం రద్దీలో అయితే కట్ట. నేను ముసలితనంలో పలక పట్టి అక్షరాలు దిద్దుకుంటుంటే గడపలో కూర్చుని చూసి, "ఒక్క బీడీ సేపుల ఒక్క అచ్చరం గీస్తివి. ఇగ నువ్వు కలెక్టర్ ఎప్పుడైతవే?" అని నవ్వింది. కలెక్టర్ కాలేదు గానీ ఇప్పుడు ఆమె గురించి రాస్తున్నది నేనే.

ఇక కల్లు. గుజరాత్‌లో మందు బంద్. కానీ చలికాలం పొద్దున్నే నీరా అమ్ముతారు. తియ్యగా, చల్లగా, చిన్నపిల్లలు కూడా తాగేటట్టు ఉంటుంది. వదినె ఆ నీరా సీసా తెచ్చి మిద్దె మీద ఎండకు పెట్టేది. మధ్యాహ్నానికి అది నురగ కట్టి మన ఊరి కల్లయ్యేది. ఇది తప్పు కదా అంటే, "సర్కారు నీరా అమ్మింది. దేవుడు ఎండ గొట్టిండు. నడుమ నేనేం జేసిన?" అనేది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వుకోలేని సంగతి ఒకటుంది. అది కూడా ఆమె నవ్వుతూనే చెప్పేది.

ఆమె కొడుకు ఆమె భుజం దాకా వస్తాడు. మగ్గాల మీద పని. మూడో అంతస్తు ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుంటాడు. ఛాతీలో పిల్లికూతలు పక్క గదిలోకి వినిపిస్తాయి. వదినె ఆయనను అందరికీ చూపించి చెప్పేది.

"వీడు పుట్టిననాడు దోసకాయంత ఉండె. నొప్పులొస్తున్నయా అని నేను అనుకునేలోపట్నే బయటున్నడు. ఎందుకు? కడుపుతోటి ఉన్నన్ని దినాలు బీడీ ఇడ్వలే, కల్లు ఇడ్వలే. బీడీ తాగితే బిడ్డ సిన్నగుంటది, కాన్పు అల్కగైతది. కల్లు తాగితే ఒళ్ళు సలువ."

"నేను నలుగురిని కన్న. బీడీ ముట్టలే," అన్నాను నేను.

"గందుకే నువ్వు మొత్తుకుంటే మా ఊరిదాక ఇనొచ్చింది."

కొడుకు నవ్వబోయి దగ్గేవాడు.

మనుమడికి పెళ్ళయి, ఆ పిల్ల కడుపుతో అయింది. పుట్టింది పెరిగింది సూరతే. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిపి ఒకే మాటలా మాట్లాడుతుంది. వదినెను అవ్వా అనీ, నన్ను చిన్నవ్వా అనీ పిలుస్తుంది. కోడలు ఊళ్ళో తన తల్లిని చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది కాబట్టి, ఈ పిల్లకు పెద్దదిక్కు వదినె, సలహాకు నేను. పాపం ఆ పిల్ల.

వేవిళ్ళు గట్టిగా పట్టాయి. అన్నం వాసనకు వాంతి, తాలింపు వాసనకు వాంతి, మగ్గం నూనె అంటిన మొగుడి అంగీ వాసనకు వాంతి. ఒకరోజు వదినె పక్కన కూర్చుని ముక్కు ఎగబీల్చి, "అవ్వా, సచ్చీ చెప్తున్న, నీ బీడీ వాసన ఒక్కటే మస్త్ అనిపిస్తుంది. ఏక్ వార్ తాగి చూడనా?" అంది.

వదినె మొహం పున్నమి అయింది. కడుపుతో ఉన్నది ఏది అడిగితే అది పెట్టాలనీ, పెట్టకపోతే పుట్టిన బిడ్డకు చెవి చీము కారుతుందనీ మా వాళ్ళ నమ్మకం. చింతకాయ అడుగుతారు, పుట్టమన్ను అడుగుతారు. బీడీ అడిగినదాన్ని నేను అంతకుముందు చూడలేదు.

"ఇది అడుగుతలేదే, లోపలున్నది అడుగుతున్నది!" అంది వదినె. "మా ఇంటి నెత్తురు. ఇంకేమడుగుతది?"

"జిలేబి అడిగితే కోరికంటరు. బీడీ అడిగితే ఏమంటరు?" అన్నాను.

"జిలేబి అడిగితే నువ్వు తెస్తవా?"

"తెస్త."

"తే మరి. అది గాదు, నేనడుగుతున్న."

అట్లా మొదలైంది. పొద్దున ఒక దమ్ము, తిన్నాక ఒక దమ్ము. సలువకని మిద్దె మీది సీసాలోంచి చిన్న గిలాసెడు. అందరూ పడుకునే ఆ ఒక్క గదిలో వదినె రోజంతా వదిలే పొగ సరేసరి. ఆ పిల్ల మెల్లగా తేరుకుంది. వాంతులు తగ్గాయి. వాంతులు ఆ నెలకు ఎట్లాగూ తగ్గుతాయి, కానీ పేరు బీడీకి వచ్చింది. వదినె గల్లీ అంతా తిరిగి చెప్పింది.

అయిదో నెల దాటాక సర్కారు దవాఖానకు ముగ్గురం పోయాం. చిన్న వయసు డాక్టరమ్మ, గుజరాతీ పిల్ల. టేపు పెట్టి కడుపు కొలిచింది. ఇంకోసారి కొలిచింది. బట్ట కొలిచే ఇళ్ళలో పుట్టినవాళ్ళం కదా, ఒకసారి కొలిచినదాన్ని మళ్ళీ కొలిస్తే మాకు అర్థమవుతుంది, బట్ట తక్కువ వచ్చిందని.

"నెలలకు తగ్గట్టు బిడ్డ పెరగలేదు," అంది డాక్టరమ్మ హిందీలో. "ఇంట్లో బీడీ ఎవరు తాగుతారు?"

వదినె గర్వంగా చెయ్యెత్తింది. "మై పీతీ. యే భీ థోడా పీతీ. బచ్చా మాంగ్తా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "బిడ్డ అడుగుతోందా?"

"హౌ. బచ్చా మాంగ్తా."

"మందు?"

"దారూ నై! నీరా. థోడా ధూప్ మే రఖా."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఎక్కడికో పోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గుజరాతీలో పెద్దావిడను పిలిచినట్టు 'బా' అని పిలుస్తూ మెల్లగా చెప్పింది. మనుమడి పెళ్ళాం తెలుగులో చెబుతూ వచ్చింది.

"బా, మీరు వదిలిన పొగ ఈమె ఊపిరిలోకి పోతుంది. ఈమె పీల్చింది నెత్తుట్లో కలిసి బిడ్డకు పోతుంది. బిడ్డకు అందాల్సిన గాలీ తిండీ తగ్గిపోతాయి. కల్లు కూడా అంతే, తల్లి ఎంత తాగితే బిడ్డా అంత తాగినట్టే. బిడ్డ మెదడు తయారవుతున్న వేళ అది విషం. కొంచెమైతే పరవాలేదు అనే లెక్క దానికి లేదు."

"సిన్నగుంటే మంచిదే గదమ్మా, కాన్పు అల్కగైతది," అంది వదినె. ఆ పిల్ల సిగ్గుపడుతూనే హిందీలో చెప్పింది.

"చిన్నగా ఉండేది ఒళ్ళొక్కటే కాదు బా. లోపల ఊపిరితిత్తులూ బలహీనంగానే ఉంటాయి. నెలలు నిండకముందే రావొచ్చు. వచ్చి ఊపిరి తీసుకోలేకపోవచ్చు. కొందరు కడుపులోనే ఆగిపోతారు." కొంచెం ఆగి అడిగింది, "మీకెందరు పిల్లలు?"

వదినె ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "నా కొడుకు పుట్టిననాడు దోసకాయంత..." అని ఆగింది. ఆమె ఒక మాట మధ్యలో ఆపడం నేను అప్పటిదాకా చూడలేదు. "ముగ్గురు," అంది. "ఒక్కడున్నడు."

ఆ ఇద్దరి సంగతి నాక్కూడా అప్పుడే తెలిసింది.

ఇంటికి ఆటోరిక్షాలో వస్తున్నాం. ఆ పిల్ల ఏడుస్తోంది. "నా బేబీకి ఏమైతది చిన్నవ్వా?" అని నా చెయ్యి వదలదు. బండి తాపీ నది వంతెన మీదికి వచ్చింది.

"పిల్లా," అంది వదినె నన్ను. "కండెల నూలు అందకుంటే బట్ట ఎట్లొస్తది?"

"జల్లెడోలె వస్తది."

"నేసినంక నింపుదమంటే నిండుతదా?"

"నిండది."

"ఇంక మగ్గం నడుస్తనే ఉన్నది గద?"

"నడుస్తున్నది."

"అయితే ఇప్పటి సంది సక్కగ నేద్దం," అని రొండిన ఉన్న బీడీ కట్ట తీసింది. తాపీలో విసురుతుందనుకున్నాను. తాపీ తల్లికి బీడీలెందుకు అనుకుందో ఏమో, ముందున్న రిక్షావాడి భుజం తట్టి అతని చేతిలో పెట్టింది. అతను సంబరపడి జేబులో వేసుకున్నాడు. వెంటనే ఆమెకు అనుమానం వచ్చింది.

"తేరీ ఘర్‌వాలీ?"

"ఘర్ పే హై, మాజీ."

"పేట్ సే హై క్యా?"

పెళ్ళాం కడుపుతో ఉందా అని అడిగేసరికి అతను సిగ్గుపడి నవ్వాడు. "హాఁ. తీస్రా మహీనా."

"దే! వాపస్ దే!" నడుస్తున్న రిక్షాలోనే ముందుకు వంగి అతని జేబులో చెయ్యి పెట్టి కట్ట లాక్కుంది. బండి వంతెన గోడ దాకా పోయి వచ్చింది. ఆ పిల్ల ఏడుపు మరిచి గట్టిగా నవ్వింది.

ఇంటికి రాగానే ఆ కట్టను బకెట్ నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు కరివేపాకు కుండీలో పోసింది. రెండోనాటికి కుండీలో పురుగులన్నీ చచ్చిపడ్డాయి. నన్ను పిలిచి చూపించింది. "సూడు. పురుగులు సచ్చినయ్, నేను సావలే. నేనేం జాతే?" అంది.

ఒక్క బీడీ మాత్రం చెవి మీద ఉంచుకుంది. ముట్టించదు, పారెయ్యదు. ఎందుకంటే, "అది నన్ను సూడాలె, నేను దాన్ని సూడాలె. ఎవలు ఓడుతరో తెల్వాలె" అంది. నోరు ఊరికే ఉండక సోంపు నమిలింది, పుల్ల నమిలింది, కొంగు నమిలింది. రాత్రింబగళ్ళు అందరినీ తిట్టింది. మానేసిన మొదటి వారం ఆమె పక్క గదిలో ఉన్నందుకు నాకు ఏదైనా బిరుదు ఇవ్వాలి.

తర్వాత మా బిల్డింగు మగవాళ్ళ కష్టాలు మొదలయ్యాయి. వదినె మెట్ల మొదట్లో పీట వేసుకుని కూర్చుంది. ఎవరైనా బీడీతో మెట్లెక్కబోతే అరచెయ్యి మొహం ముందు అడ్డంగా ఊపుతూ, "ఆగు. లోపల మనిషున్నది," అనేది.

అదే మాట హిందీలో చెబితే, యూపీ నుంచి వచ్చిన ఒక మగ్గం పనివాడు నిజంగానే భయపడి, "అందర్ కౌన్ హై?" అన్నాడు.

"ఇంక పేరు పెట్టలే," అంది.

సొంత మనుమడిని గడపలో నిలబెట్టి నోరు తెరిపించి వాసన చూసేది. వాడు మిద్దె మీద దాక్కుని తాగి, జామాకు నమిలి వచ్చేవాడు. రెండ్రోజులకు పట్టేసింది. "ఇంట్ల జామచెట్టు లేదు, నీ నోట్ల ఎట్ల కాసిందిరా?" అని వాణ్ణి బయట వరండాలో పడుకోబెట్టింది. వాడు పెళ్ళాం వైపు చూశాడు. "అవ్వా, వీడిని ఒక నెల అక్కడ్నే ఉంచు," అందా పిల్ల.

కొడుకు తాగేది తక్కువే. అయినా వదలలేదు. ఆయన మాత్రం ఎదురు చెప్పకుండా రోడ్డు దాటి అవతలికి పోయి తాగి, పుక్కిలించి, మలుపు మలుపుకూ ఆగుతూ పైకి వచ్చేవాడు. ఆయన ఆగిన ప్రతి మలుపు దగ్గరా వదినె తల అటు తిప్పుకునేది.

అక్షరాలు వచ్చిన నన్ను ఊరికే ఉంచలేదు. సుద్ద ఇచ్చి మెట్ల గోడ మీద రాయమంది. లోపల మనిషి ఉంది, బీడీ తాగరాదు, అని పెద్దపెద్ద అక్షరాలతో తెలుగులో రాశాను. "ఈ బిల్డింగుల సగం మంది ఒడియావాళ్ళు, యూపీవాళ్ళు. తెలుగు ఎవలు సదువుతరు?" అన్నాను.

"సదువరాకుంటే ఏం రాసిండ్రని అడుగుతరు. అడిగితే నేను జెప్త," అంది. నిజంగానే అట్లాగే జరిగింది. గోడ మీద రాత కంటే కింద పీట మీద కూర్చున్న రాత గట్టిగా పనిచేసింది.

మిద్దె మీది సీసా కూడా పోయింది. ఇప్పుడు పొద్దున నీరా తేగానే ఎండ తగలకముందే తానే తాగి, సీసా కడిగి బోర్లించేది. ఆ పిల్లకు పాలు, పల్లీలు, బెల్లం, గుడ్లు. "దమ్ము కావాల్నా?" అని అప్పుడప్పుడు పరీక్ష పెట్టేది. "నక్కో అవ్వా," అనేది ఆ పిల్ల. ఒకరోజు డుమస్‌లో టమాటా భజియా కావాలంది. వదినె సంబరం చూడాలి. "గిదీ కోరికంటే! పద, ఆరు బీడీల దూరమే గద," అని బయలుదేరింది. బీడీ పోయింది గానీ కొలత పోలేదు.

నెలనెలా టేపు పెట్టినప్పుడు వదినె మెడ చాచి చూసేది. చివరి నెలల్లో డాక్టరమ్మ ఒక్కసారే కొలిచింది. రెండోసారి కొలవలేదు. అది చాలు మాకు.

వానలు పడుతున్న రోజుల్లో కాన్పు అయింది. నర్సు తలుపు తీసుకుని బయటికి రాగానే వరండాలో ఉన్నవాళ్ళందరూ ఆడా మగా అని అడిగారు. వదినె ఒక్కతే, "ఎంత తూగింది?" అని అడిగింది. నర్సు చెప్పింది. కొంచెం తక్కువే, కానీ భయం లేదు, చాలే, అంది. చాలే అంటే ఏమిటని వదినె మనుమణ్ణి గుంజింది. గుజరాతీలో నడుస్తుంది అని, అన్నాడు వాడు. అంతలోనే లోపలి నుంచి ఏడుపు. మామూలు ఏడుపు కాదు, మగ్గాల షెడ్డులో మనిషిని పిలిచే గొంతు.

"ఊపిరి సూడుండ్రి," అంది వదినె. "ఊపిరి ఎంతున్నదో సూడుండ్రి."

తర్వాత దవాఖాన అరుగు మీద ఇద్దరమే కూర్చున్నాం. అందరికీ తెలుసు ఆమె ఇప్పుడు ఆ చెవి మీది బీడీ ముట్టిస్తుందని. ఎదురుగా చాయ్ బండివాడు అగ్గిపెట్టె తీసి చేతిలో పట్టుకుని మరీ చూస్తున్నాడు. ఆమె బీడీ తీసింది. ఇన్ని నెలలు చెమటకూ కొబ్బరినూనెకూ నాని, ఆకు పగిలి, వేళ్ళలోనే పొడిపొడి అయిపోయింది. వాసన చూసి తుమ్మింది.

"వాళ్ళిద్దరు ఏడ్వలేదు పిల్లా," అంది. "ఏడ్వను ఊపిరి లేకుండె."

"బీడీతోటి ఇట్లైతదని అప్పుడు నీకెవలు చెప్పిండ్రు?" అన్నాను.

"ఎవలు చెప్పలే. ఇప్పుడు చెప్పిండ్రు." చేతులు దులుపుకుంది. కుళాయి దగ్గరికి పోయి, సబ్బు అడిగి తెచ్చుకుని, మోచేతుల దాకా రుద్దింది. కడిగి వాసన చూసుకుంది. మళ్ళీ కడిగింది. "ఎంతసేపే?" అని నేనే విసుక్కుంటే, "ఒక్క బీడీ సేపు ఆగు," అంది. తర్వాత లోపలికి పోయి మునిమనుమరాలిని ఎత్తుకుంది.

తర్వాత ఆమె కొన్నేళ్ళు బతికింది. ఛాతీ అప్పటికే చెడింది, దగ్గే తీసుకుపోయింది. మళ్ళీ మాత్రం ముట్టించలేదు. మెట్ల దగ్గర పీట కూడా తీయలేదు. ఈ బిల్డింగులో తర్వాత ఎవరు కడుపుతో ఉన్నా కాపలా ఆమెదే. అద్దెకు వచ్చే కొత్తవాళ్ళకు డిపాజిట్ ఎంతో చెప్పకముందే ఆమె సంగతి చెప్పేవాళ్ళు.

ఇప్పుడు మిద్దె మీది పంచాయితీ.

చివరికి కొడుకు మాటే నెగ్గింది. కన్నకొడుకు కదా, అడ్డం చెప్పడం ఎందుకని మేమంతా ఊరుకున్నాం. ఆయన విస్తరి పక్కన ఒక బీడీ ముట్టించి, అగరుబత్తిలాగా ఇటుక సందులో నిలబెట్టి, దండం పెట్టి వెనక్కి జరిగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కాకి పిట్టగోడ మీదే ఉంది. అందరం దాన్నే చూస్తున్నాం.

తాపీ మీంచి గాలి తిరిగింది. పొగ నేరుగా మనుమడి భార్య మొహం మీదికి వచ్చింది. ఆ పిల్లకు ఇప్పుడు రెండోది, నాలుగో నెల.

ఎవరు ముందో చెప్పలేను. నా అరచెయ్యి దానంతటదే లేచి మొహం ముందు ఊగింది. పక్కన చూస్తే మిద్దె మీదున్న ఆడవాళ్ళందరి చేతులూ ఊగుతున్నాయి. వరండాలో పడుకుని బుద్ధి తెచ్చుకున్న మనుమడి చెయ్యి కూడా. వదినె ఊపినట్టే, అడ్డంగా. తల్లి కొంగు పట్టుకుని ఉన్న చిన్నది, ఊపిరి ఎంతుందో చూడండని వదినె మురిసిన పిల్ల, అందరికంటే గట్టిగా అరిచింది: "తాతా, ఆగు! లోపల మనిషున్నది!"

కొడుకు ఒక్క అడుగులో పోయి బీడీని చెప్పుతో నలిపేశాడు.

ఇన్ని చేతులు ఒక్కసారి ఊగేసరికి కాకి భయపడి ఎగిరి పోయింది. మళ్ళీ వచ్చి మటన్ ముక్క ఎత్తుకునేదాకా ఆకలితో అట్లాగే నిలబడ్డాం.

పెద్ద సేపేం కాదు. ఒక బీడీ సేపు.